గోడకు నెమ్ము, రొమ్ముకు నెమ్ము: తిరుపతి నుంచి ఒక కేసు

తెలుగులో నెమ్ము అనే మాటను రెండు చోట్ల వాడతాం. గోడ తడిసి ఉబ్బితే నెమ్ము. ఛాతీలో కఫం చేరినా నెమ్మే. ఈ రెండింటికీ చుట్టరికం ఉందా లేదా అని ముప్పై ఏళ్లుగా డాక్టర్లు, లాయర్లు, ఇంటి ఓనర్లు దేశదేశాల్లో కొట్లాడుకుంటున్నారు. తిరుపతిలో ఛాతీ డాక్టరుగా ఓపీ చూసుకునే నా దగ్గరికి ఆ కొట్లాట 2023 జూన్‌లో ఒక లావుపాటి ఫైలు రూపంలో వచ్చింది. రోగి అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. ఎవరో గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

ఆమెకు 48 ఏళ్లు. ఇంట్లోనే జాకెట్లు కుడతారు. ఎం.ఆర్.పల్లి వైపు ఒక అద్దె ఇంటి కింది పోర్షన్‌లో భర్త, కూతురు, ఏడేళ్ల మనవడితో ఉంటారు. కొడుకు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఆ రోజు ఫైలు పట్టుకొని అతనే వెంట వచ్చాడు.

“పద్నాలుగు నెలలుగా దగ్గు ఉండాది సార్. గల్ల పడదు, ఉత్త దగ్గే. మిద్దె మెట్లెక్కితే మధ్యలో నిలబడాల్సొస్తాది” అన్నారామె. అంతకుముందు దాకా ఏటా అలిపిరి నుంచి 3,550 మెట్లూ నడిచి కొండెక్కిన మనిషి. మా ఊళ్లో ఊపిరితిత్తుల బలానికి ఇంతకంటే మంచి కొలత లేదు. కొత్త రోగిని నేను మొదట అడిగేది అదే: చివరిసారి కొండకి ఎప్పుడు నడిచారు, మోకాళ్ల పర్వతం దగ్గర ఎన్నిసార్లు కూర్చున్నారు అని.

ఐదు కిలోల బరువు తగ్గారు. అలసట, కీళ్ల నొప్పులు, ఈ మధ్య మతిమరుపు కూడా. ఒక చోట ఆస్తమా అని ఇన్‌హేలర్ ఇచ్చారు, అంతంతమాత్రం గుణం. ఇంకో చోట ఎక్స్‌రేలో మచ్చలు చూసి, కఫం పరీక్షలో టీబీ లేదని వచ్చినా రెండు నెలలు టీబీ మందులు వాడించారు. మూడో చోట కొడుకు గోడ ఫోటోలు చూపిస్తే, “గోడ చెమ్మకి ఊపిరితిత్తుల జబ్బేంటి బాబూ” అని నవ్వేశారట. ఆ నవ్వు అతనికి బాగా గుచ్చుకున్నట్టుంది. అప్పటి నుంచి రాత్రుళ్లు ఫోన్‌లో చదివి చదివి, ‘విషపు నల్ల బూజు’ అన్న నిర్ణయానికి వచ్చేశాడు. ఆన్‌లైన్‌లో దొరికిన ఒక ల్యాబ్‌కి పదహారు వేలు కట్టి అమ్మ మూత్రంలో బూజు విషాల పరీక్ష కూడా చేయించాడు. అందులో ఒక విషం ఎక్కువగా ఉందని ఎర్ర గీత.

ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పాలి. నేను ఆమెను అడిగిన ప్రశ్న ఇది: “అమ్మా, ఇంట్లో బూజు ఉందా?” ఆమె ముఖం చిన్నబోయింది. “ప్రతి శుక్రవారం కర్రకి చీపురు కట్టి దులుపుతాను సార్.” మన వాడుకలో బూజు అంటే ముందు గుర్తొచ్చేది సాలెగూడు. రెండోది పచ్చడి మీద పట్టేది. గోడ మీది నల్ల మచ్చలను మన ఇళ్లల్లో ఎవరూ బూజు అనరు, చెమ్మ అంటారు, లేదంటే పాచి అంటారు. ఇల్లు శుభ్రంగా ఉంచుతారా అని అడిగినట్టు ఆమెకు వినిపించింది. నేను ‘లేదు’ అని రాసుకొని ముందుకెళ్లిపోయాను. ఇప్పుడు ప్రశ్న మార్చుకున్నాను: గోడ చేత్తో తడిమితే చల్లగా, మెత్తగా ఉంటుందా, బీరువా తెరిస్తే ముక్కిన వాసన వస్తుందా, వానకి నీళ్లు లోపలికొచ్చిన ఇల్లా?

వెన్ను కింది భాగంలో స్టెతస్కోపు పెడితే వెల్‌క్రో పట్టీ విప్పుతున్నట్టు చిటపటలు. గాలి పీల్చేటప్పుడు మధ్యమధ్య చిన్న కీచు శబ్దం. ఈ కీచు వినిపిస్తే నేను ఆస్తమా అన్న ఆలోచనను పక్కన పెట్టేస్తాను. కూర్చున్నప్పుడు ఆక్సిజన్ 95, ఆరు నిమిషాలు నడిపిస్తే 87కి పడింది. ఎఫ్‌వీసీ, అంటే ఒక్క దమ్ములో ఊదగలిగిన మొత్తం గాలి, ఉండాల్సిన దాంట్లో 58 శాతం. గొట్టాలు మూసుకుపోయిన జబ్బు కాదు, ఊపిరితిత్తి బిగుసుకుపోయిన జబ్బు. సీటీలో తెల్లటి పొగమంచు లాంటి భాగాలు, మామూలు భాగాలు, గాలి చిక్కుకొని నల్లగా కనిపించే భాగాలు అతుకుల బొంతలా పక్కపక్కనే ఉన్నాయి. అక్కడక్కడా సన్నటి మచ్చ గీతలు, అంటే ఫైబ్రోసిస్, అప్పుడే మొదలై ఉంది. బ్రాంకోస్కోపీ చేసి, అంటే ఊపిరితిత్తిలోకి సన్నటి గొట్టం దించి, కడిగి తీసిన నీళ్లలో లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు 42 శాతం, ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువ. కీళ్లవాతం పరీక్షలు నెగటివ్. ఆస్పర్‌జిల్లస్ అనే బూజు మీద ఐజీఈ, అంటే అలర్జీ యాంటీబాడీ, లేదు, కాబట్టి ఆస్తమా రోగుల్లో ఆ బూజు తెచ్చిపెట్టే ఏబీపీఏ కాదు. అదే ఆస్పర్‌జిల్లస్ మీద ఐజీజీ అనే ఇంకో రకం యాంటీబాడీ మాత్రం పెరిగి ఉంది. దాన్ని చూసి కొడుకు దాదాపు చప్పట్లు కొట్టాడు. తొందరపడొద్దన్నాను. ఐజీజీ చెప్పేది ఆ బూజు ఈ ఒంటికి పరిచయమే అని మాత్రమే. జబ్బు లేనివాళ్లలోనూ అది పెరిగి ఉంటుంది.

రేడియాలజిస్టు, రుమటాలజిస్టు, నేను కూర్చొని మాట్లాడుకున్నాక బయాప్సీ అక్కర్లేదనుకున్నాం. హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్, క్లుప్తంగా హెచ్‌పీ. గాలిలో వచ్చే ఏదో ఒక సేంద్రియ ధూళికి ఊపిరితిత్తి పగబట్టినట్టు స్పందించే జబ్బు. బూజుకీ ఊపిరితిత్తికీ సంబంధమేంటని నవ్వే డాక్టర్లు ఒకటి మర్చిపోతారు: ముక్కిన ఎండుగడ్డి దులిపే రైతులకు వచ్చే ఇదే జబ్బు 1932 నుంచీ వైద్య పత్రికల్లో ఉంది. జపాన్‌లో చెమ్మ పట్టిన పాత చెక్క ఇళ్లలో ట్రైకోస్పోరాన్ అనే శిలీంధ్రం వల్ల ఏటా ఎండాకాలం వచ్చిపోయే రకం కూడా ఉంది. దానికి పేరే ‘వేసవి రకం’.

మరి గొడవ ఎక్కడ? 1993-94లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో కొంతమంది పసిబిడ్డలకు ఊపిరితిత్తుల్లో రక్తస్రావమైంది. నీళ్లకు నానిన ఇళ్లు, గోడల్లో స్టాకీబోట్రిస్ అనే నల్ల బూజు. అనుమానం దాని మీద పడింది. అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం సీడీసీ తమ వాళ్లు చేసిన పరిశోధననే మళ్లీ నిపుణులతో తవ్వించి, ఆ సంబంధం రుజువు కాలేదని 2000లో చెప్పింది. ఈలోపు ఆ మాట టీవీల్లోకీ కోర్టుల్లోకీ ఎక్కేసింది. ఒక పక్క ప్రతి నొప్పికీ బూజే కారణమనే వాళ్లు, ఇంకో పక్క బూజు ఎక్కడ లేదు, దానికింత రాద్ధాంతమా అనే వాళ్లు.

2004లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ దీన్ని జబ్బుల వారీగా విడదీసింది. దగ్గు, పిల్లికూతలు, ముక్కు గొంతు బాధలు, ఉన్న ఆస్తమా రేగడం, ఆ జబ్బుకి లొంగే తత్వం ఉన్నవాళ్లకి హెచ్‌పీ: వీటికి చెమ్మ ఇళ్లతో సంబంధం ఉందనడానికి సాక్ష్యం చాలు. అలసట, మతిమరుపు, నరాల బాధలు: వీటికి చాలదు. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంకో ముఖ్యమైన మాట చెప్పింది. గాలిలో ఇన్ని బూజు కణాల దాకా ఫర్వాలేదు అని గీత గీయడం కుదరదు, చెమ్మనే ఆపండి అంది. గాలి శాంపిల్ తీసి నంబరు చెప్తాం అనేవాళ్లు వస్తే ఈ మాట గుర్తు పెట్టుకోవాలి, ఆ నంబరును పోల్చడానికి మరో నంబరు లేదు. ఇక ఇదంతా ఉత్త టెన్షన్ అనుకునేవాళ్లకి: ఇంగ్లండ్‌లోని రాచ్‌డేల్‌లో 2020 డిసెంబరులో చనిపోయిన రెండేళ్ల అవాబ్ ఇషాక్ విషయంలో, ఇంట్లోని బూజును చాలా కాలం పీల్చడమే కారణమని 2022లో కరోనర్, అంటే అక్కడ మరణాలను విచారించే అధికారి, తేల్చారు. అది అద్దె ఫ్లాటు.

మూత్ర పరీక్ష సంగతి కొడుక్కి విడిగా చెప్పాల్సొచ్చింది. ఈ విషాలు గోడ నుంచి కంటే తిండి నుంచే ఎక్కువగా ఒంట్లోకి వస్తాయి. ముక్కిన వేరుశెనక్కాయలు, మిరపకాయలు, మొక్కజొన్న, కాఫీ గింజలు. ఉదయం ఇడ్లీలోకి శెనక్కాయల చట్నీ, మధ్యాహ్నం శెనక్కాయల పొడి తినే మా తిరుపతి వైపు మనుషుల మూత్రంలో ఏం వెతికితే ఏం దొరకదు? ఇలాంటి పరీక్షలతో జబ్బు నిర్ధారించడం చెల్లదని 2015లోనే సీడీసీ తన వారపత్రికలో రాసింది. అతను కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: “సరే సార్, పదహారు వేలు పోతే పోయినాయి. మీరు ఒకసారి మా ఇల్లు చూడండి.”

ఆ ఆదివారం వెళ్లాను. అతను అడగకపోతే వెళ్లేవాణ్ని కాదేమో.

ఆ వీధి నాకు తెలుసు. 2021 నవంబరు వానలకు తిరుపతి పల్లపు వీధులు చెరువులయ్యాయి. శ్రీకృష్ణనగర్‌లో నేలలో పాతిన నీళ్ల తొట్టి సిమెంటు ఒరలతో సహా పైకి లేస్తే ఊరంతా వెళ్లి చూసొచ్చింది, ఆ వానలే. ఈ ఇంట్లో మోకాలి లోతు నీళ్లు రెండు రోజులు నిలిచాయి. ఓనరు నీళ్లు తోడించి, గోడ ఆరకముందే రంగు వేయించాడు. తడిసిన గోడను ఒకటి రెండు రోజుల్లో ఆరబెట్టకపోతే బూజు మొలుస్తుంది, దాని మీద రంగు వేస్తే రంగు కింద పెరుగుతుంది. కుట్టుమిషను గదిలో నడుము ఎత్తు దాకా రంగు బొబ్బలెక్కి, గోరుతో గీకితే పెచ్చులుగా రాలుతోంది. ఉప్పు తెల్లగా తేలింది. కొడుకూ నేనూ కలిసి బీరువా ముందుకు జరిపితే వెనక గోడ మీద నల్లటి చుక్కలు ఒకదాన్నొకటి అంటుకొని తువ్వాలంత వెడల్పున పరుచుకొని ఉన్నాయి. “చూసినారా సార్” అన్నాడు అతను.

చూశాను. చూస్తే ఎవరైనా దాన్నే దోషి అంటారు. కానీ రంగు నల్లగా ఉన్నంత మాత్రాన అది స్టాకీబోట్రిస్ కాదు. దానికి ఎప్పుడూ తడిగా ఉండే కాగితం, అట్ట లాంటివి కావాలి. అమెరికా ఇళ్ల గోడలు అట్ట అంటించిన జిప్సం పలకలు, మనవి ఇటుకా సిమెంటూ. మన గోడల మీద నల్లగా కనిపించేవి చాలా వరకు వేరే మామూలు బూజులు. (ఈ మధ్య అందరూ వేయిస్తున్న జిప్సం ఫాల్స్ సీలింగుల్లోకి మిద్దె కారితే ఏమవుతుందన్నది వేరే కథ.)

నాకు గుచ్చుకున్నది ఇంకోటి. మా దగ్గర పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. గోడ బాగా తడిసేది అప్పుడు. మే నెల ఎండకి అదే గోడ ఎంతోకొంత ఆరుతుంది. ఆమెను మళ్లీ అడిగాను, దగ్గు ఏ నెలల్లో ఎక్కువమ్మా అని. “ఎండల్లోనే సార్. సంక్రాంతికి కొంచెం మేలు. పోయిన సంక్రాంతికి తగ్గిపోయిందే అనుకున్న్యాను.” గోడే కారణమైతే ఈ లెక్క తిరగబడాలి కదా!

అప్పుడు కనిపించింది కూలర్. ఆమె కుర్చీ వెనక, రెండు అడుగుల దూరంలో, వీపుకి ఎదురుగా. పెద్ద ఇనుప కూలర్, పక్కల జాలీల్లో గడ్డి. మార్చి నుంచి జూలై దాకా రోజుకి పది గంటలు దాని ముందే కూర్చొని కుడతారు. పక్క జాలీ ఊడదీశాను. గడ్డి నల్లబడి, ముద్దలు కట్టి, ముట్టుకుంటే వేలికి జిగురు. తొట్టిలో నీళ్లు డికాషన్ రంగులో ఉన్నాయి, అడుగున వేలెడు మందాన బురద, అందులో ఒక బొద్దింక. పాత దోసెపిండి పులిసిన వాసన. గడ్డి ఎప్పుడు మార్చారని అడిగితే భర్త చెప్పాడు: “పోయినేడు గంగజాతరకి.” అంటే 2022 మే. నీళ్లు మాత్రం రోజూ పోస్తూనే ఉన్నారు. పాత నీళ్ల మీదే.

కూలర్ పని చేసే తీరే అది: తడి గడ్డి గుండా గాలిని లాగి మొహం మీదికి కొట్టడం. ఆ గడ్డిలో పెరిగిన బూజూ బ్యాక్టీరియా సన్నటి తుంపరలతో కలిసి ఊపిరితిత్తుల చివరి గదుల దాకా పోతాయి. గోడ మీది బూజు కదలక మెదలక ఉంటుంది, కూలర్‌లోదానికి ఫ్యాను ఉంది. 2017లో వచ్చిన భారత ఐఎల్‌డీ (ఊపిరితిత్తులు బిగుసుకుపోయే జబ్బుల) రిజిస్ట్రీలో, 27 కేంద్రాల్లో చూసిన 1,084 మంది రోగుల్లో 47 శాతానికి హెచ్‌పీ. వాళ్లలో దాదాపు సగం మందికి ఇంట్లో కూలర్ ఉంది. ఇది నేను చదివిన సంగతే. అయినా ఓపీలో పావురాల గురించి, కోళ్ల గురించి, బూజు గురించి అడిగాను గానీ కూలర్ గురించి అడగలేదు. నా క్లినిక్ వరండాలోనే రోగుల కోసం ఒకటి తిరుగుతూ ఉండేది. సోమవారం దాని జాలీ తీసి చూశాక అమ్మేశాను.

వెంటనే స్టెరాయిడ్ మొదలుపెట్టలేదు. మూడు వారాలు ఇల్లు వదిలి ఉండమన్నాను. మందుకి తగ్గిందా, చోటు మారితే తగ్గిందా తెలియాలి కదా. ఆక్సిజన్ ఇంకా పడిపోతే ఆగకూడదని వారానికోసారి పల్స్ ఆక్సీమీటర్ చూపించమన్నాను. పుత్తూరులో అక్క ఇంటికి వెళ్లారు. ఎముకలు విరిగినవాళ్లు వెళ్లే ఊరికి ఊపిరి కోసం వెళ్తున్నానని ఆమే నవ్వారు. అక్కడ ఫ్యాను మాత్రమే. మూడు వారాలకి దగ్గు సగానికి తగ్గింది, నడకలో ఆక్సిజన్ 90. అప్పుడు ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ 40 మిల్లీగ్రాములు మొదలుపెట్టి నెలల మీద తగ్గించుకుంటూ వచ్చాను. మధ్యలో షుగర్ పెరిగింది, దాన్నీ చూసుకోవాల్సొచ్చింది. బీ12 బాగా తక్కువుంటే ఇంజెక్షన్లు ఇచ్చాం. దగ్గు తగ్గి రాత్రి నిద్ర పట్టాక, మతిమరుపు గురించి అడిగితే, “అదెప్పుడు సార్?” అన్నారు.

కొడుకు గోడ విషయంలో పట్టు వదల్లేదు. వదలమని నేనూ అనలేదు. ఓనరు మళ్లీ రంగు వేయిస్తానన్నాడు గానీ పునాది దగ్గర నీళ్లు ఎక్కకుండా చేయిస్తానని అనలేదు. సెప్టెంబరులో ఇల్లు మారారు. పొడి గోడలు, మొదటి అంతస్తు, ఎండ తగిలే గది. కూలర్ మూటగట్టి అటక మీద పెట్టారు. డిసెంబరుకి ఎఫ్‌వీసీ 70.

ఇక్కడితో ఆగి ఉంటే ఈ కేసులో దోషి ఎవరో ఎప్పటికీ తేలేది కాదు. గోడ, కూలర్ రెండూ ఒకేసారి పోయాయి మరి. తేల్చింది 2024 ఏప్రిల్ ఎండ. భర్త జాలిపడి అటక మీది కూలర్ దించాడు. నేను గడ్డి గురించి చెప్పింది గుర్తుంది కాబట్టి కొత్త గడ్డి పెట్టించాడు. తొట్టి అడుగున ఎండిపోయిన బురద మీదే నీళ్లు పోశాడు. మొదటి రోజు సాయంత్రం చలిజ్వరం, దగ్గు. రెండో రోజు కూడా మధ్యాహ్నం కూలర్, రాత్రికి జ్వరం. పీల్చిన నాలుగు నుంచి ఎనిమిది గంటలకి మొదలవడం హెచ్‌పీ సంతకం లాంటిది. మూడో రోజు ఆమే దాన్ని ఆపేసి నాకు ఫోన్ చేశారు. ఎఫ్‌వీసీ 64కి దిగింది. చెమ్మ చుక్క లేని ఇల్లు, కూలర్ ఒక్కటే. ఇలాంటి పరీక్ష చేయమని ఏ డాక్టరూ చెప్పడు, చెప్పకూడదు. ఇంట్లోవాళ్లు ప్రేమతో చేసేశారు.

అయితే గోడ నిర్దోషి అని కూడా నేను రాయలేను. ఆ బీరువా గదిలో పడుకునే మనవడికి ఆస్తమా ఉంది. పాత ఇంట్లో, కూలర్ ఆగిపోయే నవంబరు, డిసెంబరు నెలల్లోనే వాడికి రాత్రిపూట పిల్లికూతలు. కొత్త ఇంటికొచ్చాక ఆ చలికాలం నెబులైజర్ ఒక్కసారే వాడారు. చెమ్మ ఇళ్లు బాగుచేస్తే ఆస్తమా బాధలు తగ్గుతాయని కొన్ని అధ్యయనాలు కూడా చెప్తున్నాయి. ఒకే ఇల్లు, రెండు బూజులు, రెండు వేరే ఊపిరితిత్తులు. అవ్వకి ఒకటి పడలేదు, మనవడికి బహుశా ఇంకోటి. కొడుక్కి ఇది చెప్పినప్పుడు, “అంటే నేను చెప్పింది కరెక్టేనా సార్?” అన్నాడు. “సగం నాయనా” అన్నాను. ఆ సగం కూడా నాకు ముందు చూసిన ముగ్గురు డాక్టర్లకీ, మొదటి రోజు నాకూ తట్టలేదు.

2025 ఏప్రిల్‌లో చివరిగా చూశాను. ఎఫ్‌వీసీ 72 దగ్గర నిలిచింది. స్టెరాయిడ్ ఆపేశాం. సీటీలో పొగమంచు పోయింది, ఫైబ్రోసిస్ గీతలు అలాగే ఉన్నాయి, అవి పోవు. పెరిగితే ఫైబ్రోసిస్‌ని నెమ్మదింపజేసే మందు మొదలుపెట్టాలి, అందుకే ఆరు నెలలకోసారి ఊదిస్తున్నాను. కొండకి బస్సులోనే వెళ్తున్నారు.

లేచి వెళ్తూ అడిగారు, ఏసీ పెట్టించుకోవచ్చా అని. పెట్టించుకోవచ్చు, రెండు వారాలకోసారి ఫిల్టరు తీసి కడిగి ఆరబెట్టండి, నీళ్లు కారే పైపు గోడ మీదికి కాకుండా బయటికి పెట్టించండి అన్నాను. “అది సరే సార్, కరెంటు బిల్లు ఎంతొస్తాది?” అన్నారు.